నార్త్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్

నార్త్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో, చికో నగరం కేంద్రంగా పనిచేస్తున్న లాభాపేక్ష లేని సంస్థ. బ్యూట్, గ్లెన్, కొలూసా, తెహామా కౌంటీలు దీని పరిధి. విద్యార్థుల ఉపకార వేతనాలకు, చిన్న సేవా సంఘాలకు నిధులు సమకూర్చే ఈ సంస్థ, 2018 నవంబరులో ప్యారడైజ్ పట్టణాన్ని బూడిద చేసిన ‘క్యాంప్ ఫైర్’ కార్చిచ్చు తర్వాత బాధితుల పునరావాసానికి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటిగా నిలిచింది.

ఒక ప్రాంతపు దాతల సొమ్మును ఒకచోట చేర్చి, ఆ ప్రాంతం మేలు కోసమే వెచ్చించే సంస్థలను అమెరికాలో కమ్యూనిటీ ఫౌండేషన్లు అంటారు. వీటిలో మొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో ఏర్పడింది. ఇవి సాధారణంగా వ్యక్తుల చేతికి నేరుగా డబ్బు ఇవ్వవు. క్షేత్రంలో పనిచేసే సంఘాలకు గ్రాంట్లు ఇస్తాయి. పన్ను మినహాయింపు హోదా లేని చిన్న బృందాల తరఫున విరాళాలు స్వీకరించి, లెక్కలు కూడా తామే చూస్తాయి. విపత్తు వేళ ఈ రెండో పనికే విలువ ఎక్కువ. చర్చి హాలులో వంటలు మొదలుపెట్టిన ఇరుగుపొరుగు వారికి ఆఫీసుల చుట్టూ తిరిగి రిజిస్ట్రేషన్ చేయించుకునే తీరిక ఎక్కడుంటుంది?

క్యాంప్ ఫైర్

2018 నవంబరు 8 ఉదయం ఆరున్నర ప్రాంతంలో, పుల్గా అనే ఊరి దగ్గర పీజీ అండ్ ఈ అనే విద్యుత్ కంపెనీ హైటెన్షన్ టవరుపై తీగను పట్టి ఉంచే పాత ఇనుప కొక్కెం అరిగి తెగిపోయింది. తెగిన చోట రేగిన నిప్పురవ్వలు ఎండుగడ్డి మీద పడ్డాయి. ఆ శరత్కాలంలో వానలు పడలేదు, పైగా ఈశాన్యం నుంచి పెనుగాలి. రెండు గంటలు తిరక్కుండానే మంటలు ప్యారడైజ్‌కు చేరాయి. ఊరు కొండగట్టు మీద ఉంది, కిందికి దిగే దారులు కొద్ది. ప్రధాన మార్గమైన స్కైవే కార్లతో కిక్కిరిసిపోయింది. 85 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమంది 65 ఏళ్లు దాటినవారే. 18,800కు పైగా కట్టడాలు కాలిపోయాయి. మంటలు 1,53,336 ఎకరాలను చుట్టేశాయి. 2020 జూన్‌లో ఆ విద్యుత్ కంపెనీ ఈ మరణాల్లో 84కు కోర్టులో నేరం అంగీకరించింది.

నిధుల సమీకరణ

మంటలు ఆరకముందే ఫౌండేషన్ సహాయ నిధిని తెరిచింది. చికోలో పుట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఆరన్ రోడ్జర్స్ 10 లక్షల డాలర్లు ప్రకటించాడు. చికోలోని సియెరా నెవాడా బ్రూయింగ్ కంపెనీ ‘రెసిలియన్స్’ పేరుతో ఒక బీరు తయారుచేసి, దాని తయారీ విధానాన్ని అందరికీ పంచి, అమ్మకాల సొమ్మంతా బాధితులకే ఇవ్వమని తోటి బ్రూవరీలను కోరింది. 1,400కు పైగా బ్రూవరీలు ముందుకొచ్చాయి. తర్వాత ఈ కంపెనీ, ఫౌండేషన్ కలిసి ‘బ్యూట్ స్ట్రాంగ్ ఫండ్’ను నడిపాయి.

పని తీరు

తొలి వారాల్లో గ్రాంట్లు శిబిరాలు నడిపేవారికి, అన్నం పెట్టేవారికి వెళ్లాయి. అయితే స్థానిక సంస్థ అసలు విలువ తెలిసేది టీవీ కెమెరాలు వెళ్లిపోయాకే. ప్యారడైజ్ జనాభాలో సుమారు నాలుగో వంతు వృద్ధులు. మొబైల్ హోమ్‌లలో ఉంటున్నవారూ ఎక్కువే. చాలామందికి బీమా చాలలేదు, కొందరికి అసలు లేదు. ఒక చిన్న బీమా కంపెనీ క్లెయిములు చెల్లించలేక దివాలా తీసింది. విద్యుత్ కంపెనీ నుంచి ఇతర కార్చిచ్చుల బాధితులతో కలిపి రావలసిన 1,350 కోట్ల డాలర్ల పరిహారంలో సగం షేర్ల రూపంలో ఉండటంతో బాధితులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఈలోగా అద్దె కట్టేదెవరు?

అడ్డంకులు ఎంత చిన్నవో చూడాలంటే సెప్టిక్ ట్యాంకు సంగతే చాలు. ప్యారడైజ్‌లో మురుగు కాలువల వ్యవస్థ లేదు, ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకే. మంటల వేడికి ప్లాస్టిక్ గొట్టాలు కరిగిపోయాయి. శిథిలాలు ఎత్తడానికి వచ్చిన భారీ యంత్రాల కింద కొన్ని ట్యాంకులు పగిలాయి. ఆ ట్యాంకు బాగుపడితే తప్ప కొత్త ఇంట్లో కాపురం పెట్టడానికి వీల్లేదు. తాగునీటి గొట్టాల్లో బెంజీన్ కనిపించడంతో ఆ నీరు తాగవద్దని చాలాకాలం హెచ్చరికలు నడిచాయి. ఇలాంటి ఖర్చులు బీమా పత్రాల్లో, ప్రభుత్వ సాయం లెక్కల్లో పూర్తిగా ఇమడవు. ఊరివాళ్లే ఏర్పాటు చేసుకున్న ‘రీబిల్డ్ ప్యారడైజ్ ఫౌండేషన్’ అనే మరో సంస్థ సెప్టిక్ మరమ్మతులకు గ్రాంట్లు, సిద్ధం చేసి ఉంచిన ఇంటి ప్లాన్లు ఇచ్చింది. ఒక్కో కుటుంబం కేసును దగ్గరుండి నడిపించే కార్యకర్తలు, మానసిక ఆరోగ్య సేవలు, గృహ నిర్మాణం వంటి వాటికి స్థానిక నిధులే ఆసరా అయ్యాయి. మొత్తం నష్టం ముందు విరాళాల సొమ్ము స్వల్పమే. ఈ సొమ్ముతో ఊరిని తిరిగి కట్టలేం. కానీ ప్రభుత్వ సాయానికీ బీమాకూ మధ్య పడిపోయిన కుటుంబాన్ని నిలబెట్టడానికి ఇది సరిపోతుంది, అందుకే విపత్తు విరాళంలో కొంత భాగాన్ని రెండో, మూడో ఏటి కోసం అట్టేపెట్టడం చాలా అవసరం.

తర్వాతి కార్చిచ్చులు

కార్చిచ్చుకు ముందు ప్యారడైజ్ జనాభా సుమారు 26 వేలు. 2020 జనగణనలో అది 4,764కు పడిపోయింది. తర్వాత ఏటా పెరుగుతూ 10 వేలు దాటింది. అదే 2020 సెప్టెంబరులో నార్త్ కాంప్లెక్స్ మంటలు పక్కనే ఉన్న బెర్రీ క్రీక్‌ను కాల్చేశాయి. 2021లో డిక్సీ ఫైర్ గ్రీన్‌విల్‌ను తుడిచిపెట్టింది. 2024 జూలై 24న పార్క్ ఫైర్ చికో నగరంలోని బిడ్‌వెల్ పార్కులోనే రాజుకుని 4,29,000 ఎకరాలకు పైగా వ్యాపించింది. ఫౌండేషన్ మళ్లీ సహాయ నిధి తెరవవలసి వచ్చింది.