నేల మీద కూర్చునే కాలు

కొత్త కాలు కోసం వచ్చినవాళ్లని మా వర్క్‌షాపులో ముందుగా అడిగేది ఏం పని చేస్తారని. టేపు బయటికి తీసేది ఆ తర్వాతే. నాట్లు వేసే మనిషికీ, కౌంటర్లో కూర్చునే మనిషికీ, ఆటో తోలే మనిషికీ కాలు ఒకే చోట తెగి ఉండొచ్చు. చేసిపెట్టాల్సిన కాలు మాత్రం ఒకటి కాదు. నాకూ ఎడమ కాలు మోకాలి కింద లేదు. తెనాలి దగ్గర వడ్రంగి ఇంట్లో పుట్టాను. కుర్రతనంలో రైసుమిల్లు బెల్టు నా కాలు లాగేసింది. అప్పట్నించీ నాకు అన్నం పెట్టింది ఇతరులకు కాళ్లు చేసే ఈ పనే. దీని వెనకున్న చరిత్ర నాకు మా వంశవృక్షంతో సమానం.

పోయిన కాలికి మారుకాలు పెట్టుకోవాలన్న కోరిక ఎంత పాతదో చెప్పడానికి ఋగ్వేదంలోని విశ్పల చాలు. యుద్ధంలో కాలు తెగిన ఆమెకి అశ్వినీ దేవతలు లోహపు కాలు అమర్చారు. ఎందుకు? మళ్లీ పోరులోకి కదలడానికి. ఇంట్లో కూర్చోబెట్టి ఓదార్చడానికి కాదు. ఆనాటి ఊహలో కూడా కాలు పని కోసమే.

దేవతల్ని వదిలి మనుషుల దగ్గరికి వస్తే, నాకు అందరికంటే దగ్గరగా అనిపించేవాడు జేమ్స్ ఎడ్వర్డ్ హ్యాంగర్. అమెరికాలో అంతర్యుద్ధం మొదలైన 1861లో పద్దెనిమిదేళ్ల ఈ ఇంజినీరింగ్ విద్యార్థి చదువు మానేసి దక్షిణాది సైన్యంలో చేరాడు. బానిసత్వాన్ని నిలబెట్టాలన్న పక్షం అది. ఆ పక్షం మీద నాకు ఏ గౌరవమూ లేదు. చేరీ చేరగానే, జూన్ 3న, ఫిలిప్పీ అనే ఊళ్లో ఫిరంగి గుండు తగిలింది. ఎదుటి పక్షం సర్జనే మోకాలి పైకంటా కాలు తీసి ప్రాణం నిలబెట్టాడు. ఇల్లు చేరాక హ్యాంగర్ గదిలో తలుపేసుకున్నాడు. కుర్రాడు దిగులుతో కుంగిపోయాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. అతను లోపల పీపా చెక్కలు చెక్కుతున్నాడు. మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా మడత పడేలా కాలు చేసుకుని, కొన్ని నెలల తర్వాత దాని మీద నడిచి బయటికొచ్చాడు. వర్జీనియా రాష్ట్రం తన క్షతగాత్రులకు కాళ్లు చేసే పని అతనికి అప్పగించింది. అతను పెట్టిన కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. కాలు పోయినవాడు కాళ్లు చేసేవాడయ్యాడు. నా దారి కూడా అదే కాబట్టి, పీపా చెక్కకి చిత్రిక పడుతున్న ఆ కుర్రాడి చేతులు నాకు తెలిసిన చేతుల్లాగే ఉంటాయి.

మన దేశంలోనూ మొదట దారి వేసింది యుద్ధమే. రెండో ప్రపంచ యుద్ధపు గాయాల కోసం 1944లో పుణెలో సైన్యం కృత్రిమ అవయవ కేంద్రం పెట్టింది. 1971 యుద్ధంలో మందుపాతర మీద అడుగేసిన గూర్ఖా రెజిమెంటు అధికారి ఇయాన్ కార్డోజో, నలిగిపోయిన తన కాలిని తన కుక్రీతో తానే నరుక్కున్నారు. తర్వాత కర్రకాలితో పరుగు పరీక్షలు నెగ్గి, కాలు లేకుండా బెటాలియన్‌కి, ఆపైన బ్రిగేడ్‌కి నాయకత్వం వహించిన మన సైన్యపు మొదటి అధికారి అయ్యారు. సైనికుడికి కనీసం సైన్యం ఉంది. పొలంలోనో రైలు పట్టాల మీదో మిల్లులోనో కాలు పోయినవాడికి చంకకర్రలే గతి. మా నాన్న నాకు వేపకర్రతో ఓ జత చేసిచ్చాడు. చంకలో గుడ్డ చుట్టి, కొలత సరిగ్గా కుదిరేదాకా నాలుగుసార్లు కోసి అతికాడు. మంచి కర్రలవి. కానీ వాటితో రెండు చేతులూ కట్టేసినట్టే. ఉలి పట్టాలంటే ఎక్కడో ఓ చోట కూలబడాలి.

1985లో ‘మయూరి’ సినిమా వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, రామోజీరావు నిర్మాణం. ముంబైలో పెరిగిన నర్తకి సుధా చంద్రన్ 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో గాయపడి, గాయం కుళ్లడంతో కుడికాలు పోగొట్టుకుంది. జైపూర్ వెళ్లి కాలు పెట్టించుకుంది. నొప్పీ నెత్తురూ ఓర్చుకుంటూ సాధన చేసి 1984 జనవరిలో ముంబైలో మళ్లీ వేదికెక్కింది. ఆ బతుకుకథే ‘మయూరి’. అందులో తన పాత్ర తనే వేసింది. జాతీయ పురస్కారాల్లో జ్యూరీ ప్రత్యేక బహుమతి అందుకుంది. మరుసటి ఏడాది అదే కథ హిందీలో ‘నాచే మయూరి’గా వెళ్లింది. మన ఊళ్లలో చాలామందికి జైపూర్ కాలు అన్న మాట చేరింది మన తెలుగు సినిమాతోనే.

హాల్లో జనం కళ్లు తుడుచుకుంటుంటే మా నాన్న కళ్లు చిట్లించి తెర మీద ఆ పాదాన్నే చూస్తున్నాడు. భరతనాట్యంలో పాదానికి చెప్పు ఉండదు. అడుగు నేలకేసి కొట్టాలి, సగం కూర్చుని తూగాలి. ఆ దెబ్బ తట్టుకుంటోంది, వంగుతోంది, చూడ్డానికి పాదంలాగే ఉంది. బయటికొచ్చాక ఒకే మాట అన్నాడు: “ఒరే అబ్బాయ్, ఆ కాలు చేసిన చెయ్యి ఎవరిదో కనుక్కో.”

కనుక్కున్నాను. ఆ చెయ్యి రామచంద్ర శర్మది.

జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ. ఎడింబరోలో ఎఫ్‌ఆర్‌సీఎస్ చేసిన మనిషి. అదే ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పే మాస్టారు రామచంద్ర శర్మ. శిల్పుల వంశం, నాలుగో తరగతితో ఆగిన చదువు. 1960లలో వీళ్లిద్దరినీ ఒకే చిక్కు పట్టుకుంది. కాళ్లు పెట్టించుకుని వెళ్లినవాళ్లు వాటిని మూల పడేసి మళ్లీ చంకకర్రలతో కనిపిస్తున్నారు. ఆ రోజుల్లో పద్ధతి ప్రకారం ఇచ్చే పాదం 1950లలో కాలిఫోర్నియాలో రూపుదిద్దుకున్నది. లోపల గట్టి చెక్క, కదలని చీలమండ, పైన తప్పనిసరిగా బూటు. కుర్చీ, కాలిబాట, ఆఫీసు ఉన్నచోట అది మంచి పాదమే. మనవాడు గొంతుక్కూర్చుని తింటాడు, బాసింపట్టు వేసుకుంటాడు, గుడి ముందు చెప్పులు విడుస్తాడు, మడిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడతాడు. బూటు నీళ్లకి ఉబ్బిపోతుంది. కదలని చీలమండ మనిషిని వెనక్కి పడేస్తుంది. ఆ మనుషులు కాలిని వదిలేయలేదు, తమ బతుకుని వదులుకోలేక కాలిని పక్కన పెట్టారు. ఈ తేడా గమనించడమే ఆ ఇద్దరి గొప్పతనమని నా నమ్మకం. మిగతాదంతా పనితనం.

శర్మగారు సైకిలు పంక్చరు వేయించుకుంటూ, పక్కన లారీ టైరుకి కొత్త రబ్బరు కాల్చి అతికిస్తుంటే చూసి ఆ ఆలోచన పట్టుకున్నారని చెబుతారు. పాదం చెక్కి, అచ్చు తీసి, టైరు పనివాళ్ల దగ్గరే కాల్పించారు. మొత్తం రబ్బరుతో పోస్తే మోయలేనంత బరువు, వంగనంత బిగువు. అందుకని లోపలి భాగాల్ని విడగొట్టారు. మడమకో మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు దిమ్మ, పాదం ముందు భాగానికి మరొకటి, చీలమండ దగ్గర చెక్క దిమ్మ. వీటన్నిటికీ టైర్లలో వాడే నైలాన్ అల్లిక చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు తొడిగి, అచ్చులో బిగించి వేడి పెట్టాలి. దిమ్మలు విడివిడిగా ఉన్నాయి కాబట్టే పాదం పైకీ వంగుతుంది, పక్కలకీ ఒరుగుతుంది. గట్టు మీద ఒక అంచున అడుగేసినా మనిషి తూలడు. ఈ పాదాన్ని అల్యూమినియం రేకుతో చేసిన కాలికి బిగించేవారు. ఆ రేకుని సుత్తితో కొట్టి పిక్క ఆకారానికి తెచ్చింది కూడా కంచరి పని తెలిసినవాళ్లే. మా నాన్న చూడగానే గుర్తుపట్టింది ఈ సంగతినే. ఇది చేతివృత్తులవాళ్లు చేసిన కాలు.

కాలు మంచిదైతే చాలదు, మనిషికి చేరాలి. 1968 నుంచి 1975 దాకా ఆసుపత్రి నుంచి వెళ్లిన కాళ్లు 59 మాత్రమే. 1975లో ఐఏఎస్ అధికారి డి.ఆర్. మెహతా భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి స్థాపించారు. అంతకు కొన్నేళ్ల ముందు కారు ప్రమాదంలో ఆయన కాలు కూడా పోయేదే, డాక్టర్లు నిలబెట్టారు. సమితి పద్ధతి సాదాగా ఉంటుంది. ఏ వేళకి వచ్చినా చేర్చుకుంటారు. కాలికి డబ్బు తీసుకోరు. కాలు అమరేదాకా తిండీ వసతీ వాళ్లే చూస్తారు. రోజుకూలీ చేసేవాడు పదిసార్లు తిరగలేడని తెలిసినవాళ్లు పెట్టిన పద్ధతి అది. సేఠీగారు పాదానికి పేటెంటు తీసుకోలేదు. అందువల్లే మందుపాతరల అఫ్గానిస్తాన్‌కీ, మరెన్నో దేశాలకీ అది వెళ్లగలిగింది.

1981లో సేఠీగారికి మెగసెసే అవార్డు, పద్మశ్రీ వచ్చాయి. రావలసినవే. ఆయన 2008లో పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. శర్మగారి పేరు మాత్రం, ఆ కాలు వేసుకుని తిరిగేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. ఇది నన్ను బాధిస్తుంది, ఆ బాధ దాచుకోను. మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల చేత మొదటిరోజే ఆ రెండు పేర్లూ పలికిస్తాను.

నేను నేర్చుకునే నాటికి అల్యూమినియం పోయి పైపులు వస్తున్నాయి. పొలాల్లో నీళ్లకి వాడే హెచ్‌డీపీఈ పైపు లాంటిదే. ముందు మొండికాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి మొండికాలి నకలు తయారుచేస్తాం. ఆకురాయితో దాన్ని రాయడంలోనే పనివాడు బయటపడతాడు. మోకాలిచిప్ప కింది స్నాయువు బరువు మోయగలదు కాబట్టి అక్కడ గీకాలి. ముందెముక అంచు, పక్కెముక తల మోయలేవు కాబట్టి అక్కడ ప్లాస్టర్ పెంచాలి. వేడి చేసిన పైపుని ఆ నకలు మీదికి లాగితే సాకెట్ తయారవుతుంది. ఈ పైపు సాకెట్లు మొండికాలికి అన్నివైపులా సరిగా ఆనవని, చేసే చేతిని బట్టి నాణ్యత మారిపోతోందని నిపుణులు విమర్శించారు. నా అనుభవం ప్రకారం ఆ విమర్శ న్యాయమైనదే. చౌక అన్నది పుండుకి సాకు కాకూడదు. మే నెల ఎండలో చెమటకి సాకెట్ లోపల చర్మం ఎలా ఒరుసుకుపోతుందో వేసుకునేవాడికే తెలుస్తుంది. మొదటి ఏడాది మొండికాలు సన్నబడుతూనే ఉంటుంది కాబట్టి సాకెట్ మళ్లీ చేయాల్సిందే. ఆ మాట రాసిచ్చి మరీ పంపుతాను.

మోకాలి కింద తెగినవాళ్లు దాదాపు ఏ పనికైనా తిరిగి వెళ్లడం చూశాను. 1995 చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం, 2016 చట్టం 4 శాతం కేటాయించాయి. మా దగ్గర కాళ్లు చేయించుకున్నవాళ్లలో టీచర్లు, గుమాస్తాలు ఉన్నారు. ఎక్కువమంది మాత్రం ఏ కోటా లేని పనుల్లో ఉన్నవాళ్లే. ఇటుకబట్టీ, మగ్గం, మెకానిక్ షెడ్డు, కౌలు సేద్యం.

మోకాలి పైన తెగితే లెక్క మారిపోతుంది. పాత మోకీలు ఒకే ఇరుసు మీద తిరిగేది. గతుకులో అడుగు పడితే చటుక్కున మడతపడిపోయేది. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జైపూర్ సమితితో కలిసి నూనె నింపిన నైలాన్‌తో, పలు ఇరుసులుండే మోకాలు చేశారు. 2009లో టైమ్ పత్రిక ఆ ఏటి మేలైన ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది. నడకకి అది నిజంగా మేలే, నేను అమర్చాను కూడా. కానీ ఈ మధ్య నల్గొండ వైపు నుంచి ఒక గీత కార్మికుడు వచ్చాడు. తాటిచెట్టు మీంచి పడి తొడ దగ్గర కాలు పోయింది. ఏం పని చేస్తావంటే, “చెట్టెక్కుత మాస్టారూ, మళ్ల ఎక్కాలె” అన్నాడు. ఈ మోకాలు నిటారుగా ఉన్నప్పుడే బరువు మోస్తుంది. చెట్టు ఎక్కేవాడికి వంగి ఉన్నప్పుడు మోయాలి. కొంతకాలం దుకాణం చూసుకోమని అతని అన్నదమ్ములు చెబుతున్నారు, వాళ్లది తప్పనను. ప్రస్తుతానికి నడకకాలు ఇచ్చి పంపాను. మోకాలిని ఓ కోణంలో బిగించి నిలిపే తాళం ఒకటి చెక్కతో నమూనా చేసి, నా కొడుకుతో ఇనుములో పోయిస్తున్నాను. ముందు నేల మీద, మోకు కట్టుకుని, రెండడుగుల ఎత్తులో పరీక్షించాలి.