స్వర్ణయుగానికి జీతమిచ్చిందెవరు?

బార్కస్ అన్న పేరు ‘బ్యారక్స్’ నుండి వచ్చింది. హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బు సిపాయిలను నిజాం ప్రభుత్వం అక్కడ ఉంచింది. 1948 పోలీసు చర్యతో ఆ కొలువులు పోయినవి. ఫుట్‌బాల్ మోజు మాత్రం ఆ పేటను వదలలేదు. అక్కడి పేద కుర్రవానికి పోలీసు జట్టులో చోటంటే ఆట మాత్రమే కాదు, నౌకరీ.

ఈ సంగతి మరచి, 1951–1962 నాటి భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగాన్ని ఒక్క మనిషి ప్రతిభగా చెప్పుకుంటాము. సయ్యద్ అబ్దుల్ రహీం గొప్ప శిక్షకుడే, సందేహం లేదు. వృత్తికి బడిపంతులు. 1952లో హెల్సింకీలో పలువురు బూట్లు లేకుండానే ఆడి, యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన జట్టును నాలుగేండ్లలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాలుగో స్థానానికి చేర్చాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి ఏషియా క్రీడల స్వర్ణం తెచ్చాడు.

కాని పంతులుకు పిల్లలు కావాలి గదా! 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన తీర్చినదే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ రెండు ఒలింపిక్స్‌కూ వెళ్లింది అందులో నుండే. వారి ఆటకు వెనుక నెలజీతం ఉన్నది.

కలకత్తా క్లబ్బులు అంతకు మించి ఇవ్వగలిగినవి. సికింద్రాబాదు అమ్ముగూడ పేదయింటి బిడ్డ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ఇంకెందరో వెళ్లారు.

1963లో రహీం క్యాన్సర్‌తో మరణించాడు. 1960 తరువాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడనేలేదు. పంతులు పోవడమే కారణమంటారు. కలకత్తా రైలెక్కినవారిని లెక్కపెట్టిన తరువాత ఆ మాట అనాలి.