ఆడి ఆర్10 టీడీఐ

ఆడి ఆర్10 టీడీఐ అనునది జర్మనీకి చెందిన ఆడి సంస్థ సుదీర్ఘ పందేల కొరకు నిర్మించిన ప్రోటోటైపు రేసు కారు. ఫ్రాన్సులోని లె మాన్స్ పట్టణంలో ఏటా జరిగే 24 గంటల పందెంలో గెలిచిన మొట్టమొదటి డీజిల్ కారు ఇదే. 2006, 2007, 2008 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఇది విజేతగా నిలిచింది. మన దేశంలో ఈ కారును కళ్ళారా చూసినవారి కంటె వీడియో గేములలో నడిపినవారే ఎక్కువ. భారతదేశపు తొలి ఫార్ములా వన్ డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ పేరు కూడా ఒక విచారకరమైన సంఘటన ద్వారా దీని చరిత్రలో చేరింది.

ప్రోటోటైపు అనగా

అంగడిలో అమ్మకానికి కాక కేవలం పందెం కొరకే తయారుచేసే కారును ప్రోటోటైపు అంటారు. ఫార్ములా వన్ కారులో చక్రాలు బయటికి కనిపిస్తాయి, ప్రోటోటైపులో అవి తొడుగు లోపల ఉంటాయి. లె మాన్స్ పందెంలో ఒక్కొక్క కారును సాధారణంగా ముగ్గురు డ్రైవర్లు వంతులవారీగా పగలూ రాత్రీ నడుపుతారు. నిర్ణీత కాలంలో ఎక్కువ దూరం పోయినవారిదే గెలుపు. కాబట్టి ఇక్కడ వేగం ఒక్కటే చాలదు. కారు చెడిపోకుండా ఉండాలి, ఇంధనం కొరకు తక్కువసార్లు ఆగాలి. ఈ పందెపు దారి చుట్టుకొలత 13 కిలోమీటర్లకు పైమాటే. కాజీపేట నుండి వరంగల్ స్టేషనుకు గల దూరం కంటె ఇది ఎక్కువ.

డీజిల్ ఇంజను

డీజిల్ అనగానే మనకు లారీ, ట్రాక్టరు, పొలంలోని నీటి పంపు గుర్తుకు వస్తాయి. అటువంటి ఇంధనంతో ప్రపంచంలోని అత్యంత కఠినమైన పందెంలో గెలవవచ్చునని 2005 డిసెంబరులో ఈ కారును ప్రదర్శించినప్పుడు చాలామంది నమ్మలేదు. దీనికి ముందరి ఆడి ఆర్8 కారు 2000, 2001, 2002, 2004, 2005 సంవత్సరాలలో పెట్రోలుతోనే గెలిచింది. గెలుస్తున్న కారును పక్కనపెట్టి కొత్త దారి తొక్కడం సాహసమే. ఐరోపాలో అప్పటికి కొత్త కార్లలో దాదాపు సగం డీజిల్‌వే కావడం వలన, ఈ సాహసం వెనుక వ్యాపార దృష్టి కూడా ఉన్నది.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వతో ఇంధనం మండుతుంది. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా అదిమినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ ఒత్తిడిని తట్టుకొనేందుకు ఇంజను దృఢంగా, అందువలన బరువుగా ఉండాలి. ఆర్10 లోని 5.5 లీటర్ల, 12 సిలిండర్ల ఇంజను బరువు 200 కిలోలకు పైగా ఉండేది. రెండు టర్బోల సహాయంతో అది సుమారు 650 అశ్వశక్తిని, 1,100 న్యూటన్-మీటర్లకు పైగా టార్క్‌ను ఇచ్చేది. ఇంత టార్క్‌ను తట్టుకొనే గేరుబాక్సును తయారుచేయడమే ఒక సమస్య అయినది. మసిని పట్టి ఉంచే వడపోతలు అమర్చినందున పొగ కనిపించేది కాదు. శబ్దం కూడా ఎంత తక్కువంటే, పక్కనుండి పోతున్నప్పుడు గాలిని చీల్చే చప్పుడే ఎక్కువగా వినిపించేదని చెబుతారు.

నియమాలు డీజిల్ కార్లకు అనుకూలంగా ఉన్నాయని పెట్రోలు జట్లు ఫిర్యాదు చేశాయి. టర్బో పెట్రోలు ఇంజనుకు 4 లీటర్ల పరిమితి ఉండగా డీజిల్‌కు 5.5 లీటర్లు అనుమతించారు. ఈ ఫిర్యాదులో కొంత న్యాయం లేకపోలేదు. 2007లో డీజిల్ కార్ల ఇంధనపు ట్యాంకును 90 లీటర్ల నుండి 81 లీటర్లకు తగ్గించారు.

విజయాలు

2006 మార్చిలో అమెరికాలోని సెబ్రింగ్ 12 గంటల పందెంలో, పాల్గొన్న తొలిసారే ఈ కారు గెలిచింది. అదే ఏడాది జూన్‌లో ఫ్రాంక్ బీలా, ఎమాన్యుయేల్ పిర్రో, మార్కో వెర్నర్ లె మాన్స్‌లో 380 చుట్లు తిరిగి గెలిచారు. ఇది 5,000 కిలోమీటర్లకు మించిన దూరం. వరంగల్ నుండి ఢిల్లీకి రైలులో మూడుసార్లు పోయినా అంత కాదు. 2007లో ఒక ఆడి ప్రమాదానికి గురైంది, మరొకటి ముందంజలో ఉండగా చక్రం ఊడిపోయింది. మిగిలిన ఒక్క కారుతో ఆ ముగ్గురే మళ్ళీ గెలిచారు.

2008 విజయం అన్నిటికంటె గొప్పది. ప్యూజో 908 కార్లు అర్హత పరుగులో చుట్టుకు అనేక సెకన్లు వేగంగా ఉన్నాయి. అయితే రాత్రి వాన పడటంతో పరిస్థితి తారుమారైనది. టామ్ క్రిస్టెన్సెన్, అలన్ మెక్‌నిష్, రినాల్డో కాపెల్లో నడిపిన ఆర్10 గెలిచింది. 24 గంటల తరువాత రెండవ స్థానంలోని ప్యూజో కూడా అదే చుట్టులో ఉన్నది.

నారాయణ్ కార్తికేయన్

2009లో ఆడి సంస్థ ఆర్15 అనే కొత్త కారును తెచ్చి, ఆర్10 కార్లను కోలెస్ అనే ప్రైవేటు జట్టుకు ఇచ్చింది. జట్టు అధిపతి కోలిన్ కోలెస్, 2005లో నారాయణ్ ఫార్ములా వన్‌లో నడిపిన జోర్డాన్ జట్టుకు కూడా సారథ్యం వహించినవాడే. నారాయణ్, ఆంద్రే లొట్టెరర్, చార్లెస్ జ్వోల్స్‌మన్ ఒక కారుకు ఎంపికయ్యారు. నారాయణ్ అర్హత పరుగులలో పాల్గొన్నాడు. కాని పందెం మొదలు కావడానికి కొద్దిసేపు ముందు పిట్ గోడ దూకుతూ పడి, భుజం కీలు తప్పింది. వైద్యులు అనుమతించలేదు. మిగిలిన ఇద్దరే 24 గంటలూ నడిపి ఏడవ స్థానంలో నిలిచారు. ఆ ప్రదర్శన లొట్టెరర్‌కు ఆడి జట్టులో చోటు సంపాదించి పెట్టింది. తరువాత అతడు 2011, 2012, 2014లలో లె మాన్స్ విజేత అయ్యాడు. ఒక గోడ ఒకరికి అడ్డుగాను, మరొకరికి మెట్టుగాను అయినది.

ఈ పందెంలో కారు నడిపిన తొలి భారతీయుడనే గుర్తింపు 2012లో చెన్నైకి చెందిన కరుణ్ చంధోక్‌కు దక్కింది. అతడి జట్టుది ఆరవ స్థానం. తెలుగు నేలపై ప్రోటోటైపు కార్లు 2022లో పరుగెత్తాయి. అవి హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్‌లో వాడిన వోల్ఫ్ జీబీ08 థండర్ అనే చిన్న కార్లు.

తదనంతరం

ఆర్10 తరువాత ఆర్15, ఆర్18 కార్లు కూడా డీజిల్‌తోనే గెలిచాయి. 2015లో ఆడి మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్ల పొగ పరీక్షలలో మోసం చేసినట్లు బయటపడటంతో ఈ ఇంధనపు కీర్తికి మచ్చ పడింది. 2016 చివర ఆడి ఈ పందేల నుండి తప్పుకొన్నది.

వీడియో గేములలో

రేస్ డ్రైవర్ గ్రిడ్ (2008), ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 3 (2009), గ్రాన్ టూరిస్మో 5 (2010) గేములలో ఈ కారు ఉన్నది. గ్రిడ్‌లో 24 గంటల పందెాన్ని కొద్ది నిమిషాలకు కుదించారు. పెట్రోలు కార్లకు అలవాటుపడిన ఆటగాడు ఇందులో గేరు మార్చడానికి ఆలస్యం చేస్తే వెనుకబడతాడు, ఎందుకంటే డీజిల్ ఇంజను బలమంతా నిమిషానికి 3,000 నుండి 5,000 భ్రమణాల మధ్యనే ఉంటుంది.