వాక్ చికిత్స విద్యార్థి దినచర్య

పి.యు.సి. సైన్సు తరువాత చదివే బి.ఎ.ఎస్.ఎల్.పి. కోర్సు నాలుగేళ్లు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇందుకు పేరుపొందింది. పాఠాలతోపాటు క్లినిక్ ఉంటుంది: వినికిడి పరీక్షించడం, బొమ్మల కార్డులతో మాట్లాడించడం, ఇంట్లో చేయించాల్సిన అభ్యాసం తల్లికి నేర్పడం, రిపోర్టు రాయడం. చదువు ముగిశాక, 1992 చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో నమోదైతేనే ప్రాక్టీసు.

మన సింధనూరు, మాన్వి క్యాంపుల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. "ఇంట్లో ఏ భాష?" అని విద్యార్థి అడిగితే మొహమాటపడి కన్నడమని చెప్పకండి. తెలుగులో గలగలా మాట్లాడే బిడ్డ కన్నడంలో తడబడితే అది మాట లోపం కాదు. రెంటిలోనూ మాట రాకుంటే ఆలస్యం వద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. మన పిల్లలూ ఈ చదువుకు వెళ్లాలని సంఘం తరఫున కోరుతున్నాము.