బ్యాంకు అడిగిన పూచీకత్తు

వ్యాపారాలు పలురకాలుగా పెరిగిన చోట బ్యాంకులు పెరుగుతాయనీ, బ్యాంకులు పెరిగితే వ్యాపారాలు ఇంకా విస్తరిస్తాయనీ అర్థశాస్త్రం చదివినవాళ్లు చెప్తారు. కోస్తాంధ్ర చరిత్రలో ఇది నిజమే. ఎవరి వ్యాపారాలు, ఎవరి బ్యాంకులు అని అడిగితే మాత్రం పాఠం అక్కడితో ఆగిపోతుంది. మనం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట పూర్తయ్యాయి. మాగాణి పెరిగింది, మిగులు ధాన్యం బజారుకొచ్చింది. ఆ డబ్బు వడ్డీ వ్యాపారంలోకి, రైసుమిల్లుల్లోకి, పొగాకులోకి, తర్వాత సినిమాల్లోకి పారింది. 1923 నవంబరులో పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టాడు. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ వచ్చింది. పొలం నుంచి మిల్లుకి, మిల్లు నుంచి ఫ్యాక్టరీకి డబ్బు ఎన్ని వేషాలు మార్చినా అగ్రకులాల గడప దాటలేదు.

ఆ పొలాల్లో నాట్లు వేసింది, కోతలు కోసింది మాల మాదిగలు. కూలి గింజల్లో ముట్టేది. గింజల్ని ఏ బ్యాంకు డిపాజిట్ చేసుకుంటుంది? పెళ్లికో చావుకో అప్పు కావాలంటే తాకట్టు పెట్టడానికి ఉన్నది ఒళ్లొక్కటే. తండ్రి చేసిన అప్పుకి కొడుకు పాలేరుగా పోయేవాడు. అదే అప్పు ఆసామికి వ్యాపారం మార్చుకునే దారి, పాలేరుకి పని మార్చుకోనివ్వని పలుపుతాడు. సంబంధం రెండు చోట్లా ఉంది, పనిచేసే దిక్కే వేరు.

వ్యవసాయం మీద వేలాడుతున్న అదనపు జనాన్ని పరిశ్రమల్లోకి మళ్లించడమే మందని అంబేద్కర్ 1918లోనే, చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో చెప్పారు. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం వచ్చింది కూడా 1923లోనే. రూపాయి గురించి ఒక దళితుడు ప్రపంచానికి చెప్తున్న ఆ ఏడు మన వాడల్లో భూమి కాగితం లేనివాడికి రూపాయి పుట్టడమే గగనం.

స్వాతంత్ర్యం వచ్చాకా పెద్ద తేడా లేదు. 1951-52 గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా నూటికి 0.9, సహకార సంఘాలది 3.1. దాదాపు 70 వంతులు వడ్డీ వ్యాపారులదే. 1969లో 14 బ్యాంకుల్ని, 1980లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో 6 బ్యాంకుల్ని జాతీయం చేశారు. 1972లో 4 శాతం వడ్డీ అప్పులొచ్చాయి. 1974లో రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల సహకార ఆర్థిక సంస్థ ఏర్పడింది.

మేలు జరగలేదని అనను. కానీ ఏం ఇచ్చారు? గేదె ఇచ్చారు, మేక ఇచ్చారు, ఎడ్లబండి ఇచ్చారు. సెంటు భూమి లేనివాడు గేదెని ఎక్కడ మేపుతాడు? ఆసామి గట్టు మీదే. గడ్డి కోసుకోవాలన్నా ఆయన దయే కావాలి. గేదెతోపాటు మనిషీ మళ్లీ ఆ గట్టుకే కట్టుబడ్డాడు. మిల్లుకి అప్పిచ్చేటప్పుడు వ్యాపారాన్ని చూసిన బ్యాంకు, వాడకొచ్చేసరికి కులాన్ని చూసి యూనిట్ నిర్ణయించింది.

1977 నుంచి 1990 దాకా ఒక నియమం ఉండేది. బ్యాంకున్న ఊళ్లో కొత్త శాఖ ఒకటి తెరవాలంటే, బ్యాంకే లేని నాలుగు చోట్ల శాఖలు పెట్టాలి. దీనివల్ల పల్లెల్లో పేదరికం తగ్గిందనీ, వ్యవసాయేతర ఉత్పత్తి పెరిగిందనీ బర్జెస్, పాండే 2005లో లెక్కలతో చూపించారు. బ్యాంకు తనంతట తాను వెళ్లలేదు, వెళ్లమంటే వెళ్లింది. 1990లో ఆ నియమం ఎత్తేశారు. మరుసటేడు నరసింహం కమిటీ, ప్రాధాన్యతా రంగం అప్పుల్ని 40 శాతం నుంచి 10కి దించమంది. సర్కారు ఆ మాట పూర్తిగా వినలేదు. కానీ ఆ గేదె లోను కూడా బ్యాంకుకి బరువేనని కమిటీ లెక్క తేల్చేసింది.