కృత్తికల్లో లిథియం వేట

కార్తిక మాసానికి పేరిచ్చిన కృత్తికల్లో మామూలు కంటికి ఆరేడు చుక్కలే ఆనుతాయి. సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ గుంపులో నిజానికి తారలు వెయ్యికి పైనే. వర్ణపట పరిశీలన చాలాకాలం ఆ మెరిసే కొన్నింటి చుట్టూనే తిరిగింది. 1912లో ఖగోళవేత్త స్లైఫర్ వాటిలో ఒకటైన మెరోపీ చుట్టూ పరచుకున్న మసక వెలుగు వర్ణపటం తీసి, అది ధూళి మీద పడి చెదిరిన నక్షత్రకాంతేనని తేల్చాడు. గుంపులోని మరుగుజ్జుల వంతు రావడానికి ఇంకో ఎనభై ఏళ్లు పట్టింది.

సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 7 శాతానికి తగ్గిన వాయుగోళం హైడ్రోజన్‌ను నిలకడగా మండించలేదని 1963లో శివ్ కుమార్ లెక్కగట్టాడు. భారత్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన ఈయనకు దక్కాల్సినంత పేరు దక్కలేదనే నా అభిప్రాయం. 1975లో జిల్ టార్టర్ అలాంటి గోళాలను బ్రౌన్ డ్వార్ఫ్‌లు అంది. పేరైతే కుదిరింది గానీ వస్తువు ఇరవై ఏళ్లు చిక్కలేదు. పడుచు బ్రౌన్ డ్వార్ఫ్‌కూ చిన్న ఎర్ర తారకూ పైకి తేడా తెలియదు. రెండింటి వర్ణపటంలోనూ టైటానియం ఆక్సైడ్ పట్టీలే.

1992లో స్పెయిన్‌కు చెందిన రెబోలో బృందం ఒక ఉపాయం చెప్పింది. చిన్న తారలో వాయువు ఉపరితలం నుంచి కేంద్రం దాకా కవ్వంతో చిలికినట్టు తిరుగుతుంది. కేంద్రం సుమారు 25 లక్షల డిగ్రీలకు చేరితే లిథియమంతా కాలిపోతుంది. బాగా తేలికపాటి బ్రౌన్ డ్వార్ఫ్ అంత వేడెక్కదు. కాబట్టి 670.8 నానోమీటర్ల దగ్గర లిథియం గీత మిగిలి ఉందా అని చూస్తే చాలు.

చూడటమే కష్టం. హవాయిలోని 10 మీటర్ల కెక్ దూరదర్శినితో బాస్రీ, మార్సీ, గ్రాహమ్ మొదట పరిశీలించిన కృత్తికల అభ్యర్థుల్లో లిథియం జాడే లేదు. 1995లో పీపీఎల్ 15 అనే మరో అభ్యర్థిలో గీత దొరికింది. అదే ఏడు రెబోలో బృందం కృత్తికల్లోనే టైడే 1 అనే బ్రౌన్ డ్వార్ఫ్‌ను ప్రకటించింది. మరుసటి ఏడు దానిలోనూ లిథియం కనిపించింది. విచిత్రమేమంటే, టైడే 1ను తొలుత పట్టింది టెనెరీఫ్‌లోని 80 సెంటీమీటర్ల దూరదర్శిని!

లిథియం కనబడని ఆ తొలి వైఫల్యమే తర్వాత అక్కరకొచ్చింది. గుంపు వయసు పెరిగేకొద్దీ లిథియం మిగిలే హద్దు ఇంకా మసక తారల వైపు జరుగుతుంది. 1998లో స్టాఫర్, షుల్ట్జ్, కర్క్‌పాట్రిక్ ఆ హద్దును పట్టుకొని కృత్తికల వయసును 12.5 కోట్ల ఏళ్లుగా నిర్ణయించారు. పెద్ద తారలను బట్టి వేసిన పాత అంచనాల్లో కొన్ని ఎనిమిది కోట్లైనా దాటలేదు. పెద్ద తారల కేంద్రాల్లో వాయువు అనుకున్నదానికంటే ఎక్కువగా కలుస్తూ, ఇంధనం ఎక్కువ కాలం అందుతుందన్న వాదనకు దీంతో బలం చేకూరింది. ఆ తర్వాత ఆల్ఫా పెర్సీ, ఐసీ 2391 గుంపుల వయసునూ ఇదే పద్ధతిలో లెక్కగట్టారు.