కాంట్రా (వీడియో గేమ్)

కాంట్రా జపాన్‌కు చెందిన కొనామి సంస్థ 1987లో ఆర్కేడ్ యంత్రాల కోసం విడుదల చేసిన, పరుగెత్తుతూ కాల్పులు జరిపే వీడియో గేమ్. ఒంటరిగానైనా, ఇద్దరు ఒకేసారైనా ఆడవచ్చు. నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అనే ఇంటి గేమ్ యంత్రానికి 1988లో వచ్చిన రూపమే ఎక్కువ ప్రసిద్ధి పొందింది; ఇందులో 8 దశలున్నాయి. ఆటగాళ్లు నడిపే పాత్రల్లో నీలం ప్యాంటు సైనికుడు బిల్ రైజర్, ఎర్ర ప్యాంటు సైనికుడు లాన్స్ బీన్.

ఒక్క తూటా తగిలినా ప్రాణం పోతుంది, చేతిలోని ప్రత్యేక ఆయుధమూ పోతుంది. ఒంటరి ఆటగాడు తెరను తన వేగంతో ముందుకు జరుపుకుంటాడు. దొరికిన ఆయుధమంతా అతనిదే. జంటగా ఆడితే కాల్పుల బలం రెట్టింపవుతుంది, ఒకరి తూటా మరొకరికి తగలదు. అయితే ఎగిరే గుళిక నుంచి పడే ఆయుధం ఒక్కరికే దక్కుతుంది. ఒకేసారి ఐదు తూటాలు విసిరే ‘ఎస్’ గుర్తు ఆయుధం దగ్గరే పోటీ ఎక్కువ. మూడో దశ జలపాతంలో జంట ఆటకు అసలు పరీక్ష ఎదురవుతుంది: ముందున్నవాడు పైగట్టుకు ఎగరగానే తెర పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర అంచు దాటి చనిపోతాడు. ప్రాణాలు అయిపోయినవాడు తోటి ఆటగాడి నిల్వ నుంచి ఒకటి వాడుకోవచ్చు.

మొదట్లో ఒక్కొక్కరికి 3 ప్రాణాలే. కొనామి కోడ్‌గా పేరొందిన మీటల వరుస నొక్కితే అవి 30 అవుతాయి. ఈ కోడ్ మొదట 1986 నాటి గ్రాడియస్ గేమ్‌లో కనిపించింది. 1990లలో భారతదేశంలో టీవీకి తగిలించుకునే అనుకరణ గేమ్ పెట్టెల క్యాసెట్ల ద్వారా కాంట్రా తెలుగు ఇళ్లలోకీ చేరింది.